96వ పేజీలో 17వ సిఫార్సు

పోయిన నెల ఒడిశాలో గుణుపురం పోయే రైల్లో కూర్చుని ఒక పాత సర్వే రిపోర్టు చదువుతున్నాను. కొత్త పని ఒప్పుకున్నప్పుడు ఇదివరకు ఎవరేం తేల్చారో చూడాలి కదా, అందుకని. 118 పేజీలు, అంతా ఇంగ్లీషు. ఫోనులో పేజీని వేళ్ళతో సాగదీసి, పక్కకి జరిపి, మళ్ళీ కిందకి లాగి చదువుతుంటే పర్లాకిమిడి వచ్చేసరికే కళ్ళు మండిపోయాయి. అయినా 96వ పేజీలో ఒక చోట ఆగాను. 17వ సిఫార్సు. వంశధార అవతల ఒక సవర గిరిజనుల పల్లెలో పిల్లల్ని తూచేది నెలలో మొదటి సోమవారం, సరిగ్గా అదే రోజు అంగన్‌వాడీ కార్యకర్తకి టౌన్లో మీటింగు, సెంటరుకి తాళం చూసి తల్లులు వెనక్కి పోతున్నారు, కాబట్టి తూకం గురువారానికి మార్చండి అని. పైసా ఖర్చు లేని పని. ఎవరో గానీ బాగా రాశారే అనుకున్నాను. ఎవరా అని మొదటి పేజీకి వెళ్ళి చూస్తే, పనిచేసినవాళ్ళ పేర్లలో మూడోది నాదే.

ఏడేళ్ళ కిందట నేనే రాసి, నేనే మర్చిపోయాను. నవ్వొచ్చింది, ఆ తర్వాత కాస్త సిగ్గేసింది. రాసినవాడికే గుర్తులేనిది ఇంకెవరికి గుర్తుండాలి? మర్నాడు ఆ పల్లెకి వెళ్ళి సెంటరులో ఆయా పనిచేసే అక్కని అడిగాను, తూకం ఏ రోజమ్మా అని. "సోమవారమే బాబూ, ఎప్పుడూ సోమవారమే" అంది.

ఇన్నాళ్ళూ నేను తప్పంతా చదవనివాళ్ళ మీదే వేసేవాణ్ణి. ఆఫీసర్లకి ఓపిక లేదు, డబ్బులిచ్చినవాళ్ళకి బిల్లు పాస్ చేసుకోవడానికి ఒక కట్ట కావాలి, అంతే అనేవాణ్ణి. అది అబద్ధమేమీ కాదు. కానీ రైల్లో ఆ 118 పేజీలు తిరగేశాక నాకు వేరే సంగతి తట్టింది. అది చదవడానికి రాసింది కాదు. మమ్మల్ని మేం కాపాడుకోవడానికి రాసింది.

భయంతో పెరిగిన పేజీలు

రిపోర్టు ఎలా లావెక్కుతుందో లోపల ఉన్నవాళ్ళకి తెలుసు. ఎన్ని ఇళ్ళు తిరిగారు, ఎలా ఎంచుకున్నారు అని ఎవరైనా అడుగుతారేమోనని ముందు 30 పేజీలు. జిల్లా గురించి మీకేం తెలుసు అంటారేమోనని జనాభా లెక్కలు, వర్షపాతం, నదులు, చివరికి రాయగడ జిల్లా 1992 అక్టోబర్ 2న కొరాపుట్ నుంచి విడిపోయిందన్న ముక్క కూడా. ఆ జిల్లాలో పుట్టి పెరిగి, అక్కడే ఉద్యోగం చేస్తున్న ఆఫీసరుకి ఆ జిల్లా ఎప్పుడు పుట్టిందో మేం చెబుతున్నాం! ఆ తర్వాత పట్టికలు. మేం అడిగిన ప్రతి ప్రశ్నకీ ఒక పట్టిక ఉండాల్సిందే, లేకపోతే ఆ ప్రశ్న ఎందుకడిగారంటారు.

అప్పట్లో నేను పనిచేసిన చోట ఒక పెద్దాయన ఉండేవారు. మంచి మనిషే. మొదటి ప్రతి 54 పేజీలు వస్తే చేత్తో ఎత్తి చూసి, "మరీ పల్చగా ఉందయ్యా, ఇచ్చిన డబ్బుకి బరువుండాలి కదా" అన్నారు. కిరాణా కొట్లో కందిపప్పు తూచినట్టు. మేం నోరు మూసుకుని బరువు పెంచాం. ఆ పెంచిన బరువు కిందే 17వ సిఫార్సు నలిగిపోయింది.

ఒక్క పట్టిక సంగతి చెప్పాలి. 61వ పేజీలో ఉంది. ఆ పల్లెలో "సేవల పట్ల అసంతృప్తి" 66.67 శాతం అని. చుక్క తర్వాత రెండంకెలు. నా పాత నోటు పుస్తకం అటక మీంచి తీసి చూశాను. ఆ రోజు మాకు దొరికిన తల్లులు ముగ్గురు. మిగతావాళ్ళు కొండ మీద పనికి పోయారు. ఆ ముగ్గురిలో ఇద్దరు "తాళం ఏసుంటాది, ఏటి సేస్తాం" అన్నారు. ఇద్దరమ్మలు అన్నారు అని రాస్తే మేం పెద్ద పని చేసినట్టు కనపడదు. 66.67 అంటే లెక్కలా ఉంటుంది. ఆ అంకె చూసినవాడికి తాళం కనపడదు, ఆ ఇద్దరూ కనపడరు.

భాష కూడా అంతే. ఆ ఇంగ్లీషుని తెలుగులోకి మారిస్తే ఇలా ఉంటుంది: "కొంతమేరకు మెరుగుపడినట్లు గమనించబడినది", "మరింత లోతుగా పరిశీలించవలసిన ఆవశ్యకత కలదు". ఏ మాట పట్టుకుని అడిగినా జారిపోయేలా రాయడం మాకు బాగా అలవాటు. ఎవరూ నొచ్చుకోకూడదు, ఎవరూ తప్పు పట్టకూడదు. నిజానికి తప్పు పట్టాలంటే ముందు చదవాలి కదా, ఆ ప్రమాదం లేకుండా మేమే చూసుకున్నాం.

ఇది మా ఒక్కరి గొడవే కాదులెండి. ప్రపంచ బ్యాంకు వాళ్ళే 2014లో తమ రిపోర్టుల మీద తామే లెక్క తీశారు. మూడింట దాదాపు ఒక వంతు ఒక్కసారి కూడా డౌన్‌లోడ్ కాలేదు. 250 సార్లు దాటినవి నూటికి 13. దాదాపు 87 శాతాన్ని ఎవరూ ఎక్కడా ఉదహరించలేదు. అంత డబ్బు, అంత చదువు, అంత మంచి కాగితం ఉన్నవాళ్ళ గతే అది. పాపం, ఆ సంగతి చెప్పడానికీ ఇంకో రిపోర్టే రాయాల్సివచ్చింది.

శుభలేఖ చదివినట్టు

ఒకసారి ఒక బ్లాకు ఆఫీసులో మా రిపోర్టు ఇచ్చి, టీ తాగుతూ ఆ సార్ దాన్ని ఎలా చూస్తారో గమనించాను. ఆయన ముందు అట్ట చూశారు. తర్వాత చివరి పేజీ. తర్వాత వేలు తడి చేసుకుని గబగబా తిప్పుతూ తన బ్లాకు పేరు కోసం వెతికారు. దొరికింది, పట్టికలో ఆ వరస మీద వేలు పెట్టి అడ్డంగా లాక్కెళ్ళారు, పక్క బ్లాకు కంటే తక్కువుందా ఎక్కువుందా చూసుకున్నారు. ఫొటోలు వచ్చిన చోట రెండు క్షణాలు ఆగారు, "ఇది మన సూపర్‌వైజరే కదా" అన్నారు. అంతే, మూసేసి "బాగుంది" అన్నారు. మొత్తం మీద టీ చల్లారలేదు.

అప్పుడు ఒళ్ళు మండింది గానీ, ఇంటికొచ్చి బల్ల మీద ఉన్న పెళ్ళి శుభలేఖ తీశాక మనసు మారింది. నేనూ అలాగే చదివాను. శ్లోకం వదిలేశాను, వరుడి తాతల పేర్లు వదిలేశాను, ముహూర్తం ఎన్నింటికి, కల్యాణ మండపం ఎక్కడ, భోజనాలు పగలా రాత్రా, ఈ మూడే చూశాను. అలాగని శ్లోకం తీసేయమని ఎవరూ అనరు, అది ఉండాల్సిన చోట ఉంటుంది. కానీ శుభలేఖ అచ్చువేసేవాడు ముహూర్తాన్ని మధ్యలో పెద్దక్షరాల్లో వేస్తాడు. మా 118 పేజీల్లో ముహూర్తం 96వ పేజీలో ఉంది.

అందుకే నాకిప్పుడు డిజైను అంటే రంగులూ బొమ్మలూ కాదు. ఇది ఎవరి చేతిలో పడుతుంది, చదివాక మర్నాడు ఆ మనిషి ఏం చేయగలడు, అది ఏ పేజీలో ఉంది, ఇదే అసలు డిజైను. ఆ బ్లాకు సార్‌కి తన బ్లాకు పేజీ విడిగా ఒకటి ఇస్తే చాలు, చదివేవారు. చదివినా చదవకపోయినా, పక్క బ్లాకుతో పోల్చుకోవడానికైనా తీసేవారు.

బొమ్మలూ రంగులూ పనికిరావని కాదు. మా రిపోర్టులో ఎరుపూ పచ్చా పెట్టి ఒక గుండ్రటి బొమ్మ వేశాం, లాప్‌టాప్‌లో చూస్తే ముచ్చటగా ఉంది. ఆఫీసులకి వెళ్ళింది మాత్రం జిరాక్సు. జిరాక్సులో ఎరుపూ పచ్చా ఒకే బూడిద రంగు. ఏ ముక్క ఏమిటో చెప్పే గళ్ళు పక్కన ఎక్కడో ఉన్నాయి, వాటిదీ అదే బూడిద. ఇప్పుడు నేను ఏది చేసినా ముందు ఒక నలుపు జిరాక్సు తీయించి చూస్తాను, తర్వాత ఫోనులో తెరిచి చూస్తాను, ఎందుకంటే ఈ రోజుల్లో రిపోర్టు వచ్చేది వాట్సాప్‌లోనే. గీత పక్కనే దాని పేరు రాస్తాను. ఇంకొకటి, బొమ్మ మీద "పటం 4.2: నెలవారీ హాజరు" అని పెట్టడం మానేశాను. "సెంటరుకి తాళం ఉన్న రోజున సగం మంది పిల్లలు తూకానికి అందలేదు" అని పెడతాను. తలకట్టు చదివి పోయినా ఒక సంగతి తెలిసి పోతుంది. కానీ ఇది కూడా సులువు కాదు. అలా రాయాలంటే నాకు కచ్చితంగా తెలిసి ఉండాలి, "పటం 4.2" అయితే ఏం తెలియకపోయినా నడిచిపోతుంది.

మన దేశంలో దీన్ని బాగా చేసినవాళ్ళు లేకపోలేదు. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే చూడండి. పిల్లవాడి చేతిలో పెట్టే చదువు పరీక్ష ఒక్క కాగితం, అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఒక కథ. అయిదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారన్న ఒక్క వాక్యం దేశమంతా పాకింది. ఆ వాక్యం బాగా రాసినందువల్ల పాకలేదు. ఏ తల్లైనా తన పిల్లాణ్ణి కూర్చోబెట్టి తనే అడిగి చూసుకోగల ప్రశ్న అది, అందుకని పాకింది. చివర్లో కూర్చుని రిపోర్టుని అందంగా చేస్తే లాభం లేదు, ప్రశ్న దగ్గరే తేలిపోతుంది.

పొట్టిగా రాస్తే చాలా?

ఇక్కడ నాకే అనుమానాలున్నాయి. పొట్టిగా రాయండి, ఒక్క పేజీ ఇవ్వండి అని ఈమధ్య అందరూ అంటున్నారు. కెనడాలో ఆరోగ్య పరిశోధనల సంస్థ ఒకటి 1:3:25 అని ఒక పద్ధతి పెట్టింది, ఒక పేజీలో ముఖ్యమైన సంగతులు, మూడు పేజీల్లో సారాంశం, 25 పేజీల్లో వివరం. నాకు నచ్చింది, వాడతాను కూడా. కానీ మా సారాంశాలు ఎలా పుడతాయో నాకు తెలుసు. రేపు పొద్దున ఇవ్వాలి, రాత్రి పన్నెండయింది, ప్రతి అధ్యాయం మొదటి పేరా కోసి అతికిస్తాం. అది పొట్టిదే గానీ అందులో సారం ఉండదు.

పొట్టిదనం ప్రాణాల మీదకి తెచ్చిన సందర్భం కూడా ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక కూలి కల్పనా చావ్లా సహా ఏడుగురు పోయారు. తర్వాత విచారణ సంఘం, నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే ఇంజినీర్లు చూపించిన ఒక స్లైడును పట్టుకుంది. అసలు ప్రమాదం సంగతి అడుగున, చిన్న అక్షరాల్లో, చుక్కల కింద చుక్కగా ఉంది. పెద్ద ఆఫీసరు దాన్ని చదివినా ఇది ప్రాణాల మాట అని తెలియకపోవడంలో వింత లేదంది ఆ సంఘం. ఒకే ఒక్క స్లైడది, అంతకంటే పొట్టిగా ఏం రాస్తారు?

ఇంకో పక్క, మా రాయగడ, కలహండి జిల్లాల మధ్య, నియమగిరి. అక్కడ బాక్సైటు తవ్వకం మీద ఎన్.సి. సక్సేనా కమిటీ 2010 ఆగస్టు 16న నివేదిక ఇచ్చింది. చిన్నదేమీ కాదు. ఎనిమిది రోజులకే, 24న, కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. మూడేళ్ళకి సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చుకోవాలంది, 2013లో 12 పల్లెలూ వద్దన్నాయి. ఆ నివేదికని అంత వేగంగా ఎందుకు చదివారు? అచ్చు బాగుందని కాదు. ఆ వారంలో ఒకరు అవునో కాదో చెప్పి తీరాలి, కాగితం కోసం కాచుక్కూర్చున్నారు. పైగా రేపు కోర్టులో నిలబడాలి, అక్కడ వివరం లేకపోతే నడవదు. కాబట్టి లావు రిపోర్టులన్నీ దండగ అని నేననను. నా 118 పేజీల కోసం మాత్రం ఎవరూ కాచుక్కూర్చోలేదు, మేం కూడా ఎవరు ఎప్పుడు ఏం తేల్చుకోబోతున్నారో అడగలేదు. అంగన్‌వాడీ మీటింగుల తేదీలు ఏ నెలలో ఖరారు చేస్తారో కనుక్కుని ఆ ముందు వారం ఒక్క ఉత్తరం ముక్క ఇచ్చి ఉంటే చాలేమో. మేం ఇచ్చింది మార్చి 29న, డబ్బు మురిగిపోకుండా.

చదవడం కాదు, వినిపించడం

పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్రా. అటుపక్క ఒకసారి ఉపాధి హామీ సామాజిక తనిఖీ చూశాను. 2005 ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ దానికోసమే పెట్టారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచే గట్టిగా చేశారు. చెట్టు కింద మైకు పెట్టి మస్టరు రోలు చదివారు. ఫలానా మనిషి, ఇన్ని రోజులు, ఇంత కూలి. అంతకంటే విసుగు పుట్టించే కాగితం ఉంటుందా? ఒక్కరు కదల్లేదు. ఒక ముసలాయన తన పేరు వచ్చేదాకా నించునే ఉన్నాడు, వచ్చాక "నాను ఆరు రోజులే పోనాను, పన్నెండు ఎవులు రాసేరు?" అన్నాడు. ఎవరి గురించి రాశామో వాళ్ళకే చదివి వినిపించడం మాకెప్పుడూ తట్టలేదు. వినిపించినా ఏ భాషలో? మా ఇంటి మాట తెలుగు, ఆఫీసు మాట ఒడియా, పల్లె మాట సవర, రిపోర్టు మాట ఇంగ్లీషు.

ఇది రాస్తుంటే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలన్నారు. తెలుగువాళ్ళకి మాట్లాడే తెలుగులో రాయమని జీవితాంతం పోట్లాడారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. పంతులుగారు ఓడించిన గ్రాంథికం ఎక్కడికీ పోలేదు, రిపోర్టుల్లో కాపురం పెట్టింది.

గోడ మీద కాగితం

సరే, ఈసారి పనిలో నేను మొండికేశాను. పెద్ద రిపోర్టు ఎలాగూ తప్పదు, ఇచ్చాను, వివరం కావాలన్నవాళ్ళు తీసుకుంటారు. దానితో పాటు ఆ పల్లెకి ఒక్క కాగితం, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా, పెద్దక్షరాలు, శాతాలు లేవు. మీ సెంటరుకి ఎన్ని రోజులు తాళం ఉంది, ఎందుకుంది, తూకం ఏ రోజుకి మారిస్తే బాగుంటుందని మేం అనుకుంటున్నాం. చదువురానివాళ్ళ కోసం ఆ అక్క చేతే సవరలో చెప్పించాను. గోడకి మైదాపిండి జిగురుతో అంటించి వచ్చేశాం. నా మటుకు నాకు గొప్పగానే అనిపించింది, గిడుగువారి శిష్యుణ్ణి అన్నట్టు.

తొమ్మిది రోజులకి ఆ అక్క కూతురు ఫోటో పంపింది. మా కాగితం మీద ఎవరో పెన్సిలుతో "గురువారం" కొట్టేసి, పక్కన వంకర అక్షరాలతో "లక్ష్మివారం సంత" అని రాశారు. మా వైపు గురువారాన్నే లక్ష్మివారం అంటారు. అక్కకి ఫోన్ చేశాను.

"ఎవరు రాశారమ్మా?"

"ఎవులో ఒకలు రాసేరు బాబూ. నిజమే కదా. లచ్చింవారం ఊరూరంతా సంతకి పోతాది. పిల్లల్ని తూసీదానికి ఎవులుంటారు?"

"మరి నువ్వు నాకు ముందే చెప్పలేదేం?"

"మీరు గురువారం అంటే మీ ఆఫీసు లెక్కేమో అనుకున్నాను."

పాత రిపోర్టు తెరిచాను. 41వ పేజీలో ఉంది, "వారపు సంత: బుధవారం". ఏడేళ్ళ కిందట మేం వెళ్ళిన వారం ఏదో పండగని సంతను ఒక రోజు ముందుకి జరిపారట. చూసిందే రాసుకున్నాం, ఆ బుధవారం తప్పించాలనే గురువారం అన్నాం. ముగ్గురం దిద్దాం, పెద్దాయన సంతకం పెట్టారు, మూడు ఆఫీసుల్లో ముద్ర పడింది, మొన్న నేను మళ్ళీ అక్కణ్ణించే ఎత్తి రాశాను. ఆ 17వ సిఫార్సుని ఎవరైనా చదివి అమలు చేసి ఉంటే ఆ ఊళ్ళో ఏడేళ్ళపాటు ఒక్క పిల్లనీ తూచి ఉండేవాళ్ళు కాదు.

శుక్రవారం అయితే అందరూ ఉంటారంది అక్క. కొత్త కాగితంలో శుక్రవారం అని వేయించి పంపాను. గుణుపురం మీటింగుల తేదీలు ఖరారు చేసేది వచ్చే నెల రెండో వారంలో అని కనుక్కున్నాను, దానికో ఉత్తరం ముక్క రాస్తున్నాను. పెన్సిలు గీతలున్న ఆ పాత కాగితాన్ని మాత్రం చింపొద్దని, దాని పక్కనే కొత్తది అంటించమని చెప్పాను.